నేను ఓగాకు చేసిన మేలు

కరోనా కాస్త తగ్గుముఖం పట్టిన ఆ రోజుల్లో దుబాయ్‌లో కొలువు దొరకడమంటే పోయిన ప్రాణం లేచి రావడమే. మా బిల్డింగుల కంపెనీ సగం మందికి ఖలాస్ చెప్పి ఇంటికి పంపినప్పుడు, సోనాపూర్ లేబర్ క్యాంపులో నా రూంలోనే ఉండే జగిత్యాల మామ వాళ్లనీ వీళ్లనీ బతిమాలి నన్ను షార్జాలో పాత కారు సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్‌గా పెట్టించాడు. యజమాని నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బో తెగ మనిషి. మనం సేఠ్ అన్నట్టు వాళ్ల దేశంలో ఓగా అంటారట, మేమూ అలాగే పిలిచేవాళ్లం. వీసా ఇచ్చిన మహానుభావుడు కాబట్టి ఆయన శత్రువు నాకూ శత్రువే అని తీర్మానించుకున్నాను. (అసలు ఆయనకు శత్రువులున్నారో లేదో కనుక్కోవాలని తట్టలేదు.)

శత్రువు తొందరగానే దొరికాడు. అదే గల్లీలో నాలుగు దుకాణాల అవతల ఓగా దేశం నుంచే వచ్చిన ఒక బక్కపలచటి మనిషి, నేను పెట్టిన పేరు బక్కోడు, అవే ఇంజన్లు, అవే గేర్‌బాక్సులు పెట్టుకుని కూర్చున్నాడు. అంతకుముందు ఆరేళ్లు మా ఓగా దగ్గరే పనిచేశాడని తెలిసి, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని ఒళ్లు మండింది. పైగా మా దగ్గర సరుకున్నా ఓగా కస్టమర్లను వాడి దగ్గరికే పంపేవాడు. "ఓగా దేవుడసొంటోడు మామా, మోసం తెలుస్తలేదు" అని నేనంటే, "నీ పని నువ్వు చూస్కోరాదు అల్లుడా" అన్నాడు మామ. నేను వింటేగా. ఓగా పంపినవాళ్ల వెనకే పరిగెత్తి, అక్కడున్నదంతా తుక్కని చెప్పి, ఓగా కంటపడకుండా వెనక గోడౌన్ వైపు నుంచి లోపలికి తీసుకొచ్చి మా సరుకే అమ్మేసేవాణ్ని. అమ్మకాలు బాగున్నాయని ఓగా భుజం తడితే తబ్బిబ్బయ్యేవాణ్ని.

రెండు నెలలకు బక్కోడు వచ్చి దుకాణం తాళాలు ఓగా ముందు పెట్టాడు. గల్లీలో అందరం మాట్లాడుకునే హిందీలోనే చెప్పాడు, తనకు వ్యాపారం చేతకాదని, మళ్లీ ఇక్కడే పనికి ఉంటానని. ఓగా ముఖం వాడిపోయింది. "రోజూ మనుషుల్ని పంపుతున్నానే, ఏమవుతున్నారు?" అన్నాడు. నేను తెల్లబోయి చూస్తుంటే నా వైపు తిరిగి అర్థమయ్యేలా చెప్పాడు. జీతం లేకుండా పని నేర్చుకోవడం శిష్యుడి వంతు, నేర్చాక దుకాణం పెట్టించి నిలబెట్టడం ఓగా వంతు, అది వాళ్ల ఆచారం. బక్కోడి దుకాణం పెట్టించింది ఆయనే. ఆయన్నూ ఒకప్పుడు ఇంకో ఓగా అలాగే నిలబెట్టాడట. (మా వైపు పని నేర్చినవాడు పక్కన దుకాణం తెరిస్తే పెళ్లికి కూడా పిలవరు.) నోరు మూసుకుంటే వాడి బతుకు పోతుంది, తెరిస్తే నా వీసా పోతుంది. ఆ తాళాలు చూస్తూ ఉండలేకపోయాను. "మాఫ్ కరో ఓగా, సబ్‌కో మైఁ లేకే ఆయా" అనేశాను, అందర్నీ వెనక్కి తీసుకొచ్చింది నేనేనని.

ఓగా తాళాలు మళ్లీ బక్కోడి వైపు జరిపి, నాతో, "రేపటి నుంచి ఒక నెల వాడి దుకాణం ముందు నిలబడు. ఇన్నాళ్లూ కస్టమర్లను ఇక్కడికి పిలిచినట్టే అక్కడికి పిలువు" అన్నాడు. వీసా ఊసే ఎత్తలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు బక్కోడు నా వైపు వచ్చాడు. కొడతాడని ఒక అడుగు వెనక్కి వేశాను. "అంటే నాకు వ్యాపారం రాకపోవడం కాదా? నువ్వేనా?" అన్నాడు. "నేనే" అన్నాను. వాడు అక్కడున్న ఇంజను మీద కూలబడి, ముఖం రెండు చేతుల్లో దాచుకుని, "థాంక్ గాడ్, థాంక్ గాడ్" అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. అంత విశ్వాసంగా అంత తప్పు చేసిన అప్పటి నా వెర్రితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ జీవితంలో నేను చేసిన తప్పు విని అంతగా సంతోషించిన మనిషి మాత్రం వాడొక్కడే.