భుజానికి తుడుచుకునే చెమట

ఆ ఏప్రిల్ నెలంతా నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. పొద్దున్నే సైకిలేసుకుని పోస్టాఫీసుకు వెళ్ళడం, పోస్టుమాస్టరుగారు తలెత్తకుండానే రాలేదబ్బాయ్ అనడం, ఉసూరుమంటూ తిరిగి రావడం. మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళేవాణ్ణి. టపా రోజుకి ఒక్కసారే వస్తుందని తెలిసీ వెళ్ళేవాణ్ణి.

తొంభైల చివరి మాట ఇది. దేశమంతటికీ కలిపి, జీతాలిచ్చి ఆడించే ఫుట్‌బాల్ లీగు మొదలై రెండు మూడేళ్ళయింది. రాబోయే సీజనుకి కొత్తవాళ్ళను ఎంచుకోవడానికి బెంగుళూరులో ఒక క్లబ్బు మూడు రోజుల క్యాంపు పెడుతోందని తెలిసి, గుంటూరు కాలేజీలో మా ఆటల మాస్టారు నా పేరు పంపారు. మా ఊళ్ళో ఈ లీగు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకి ఆటంటే క్రికెట్టు, అది కాకపోతే పేకాట.

నేను గోల్‌కీపర్ని. ఇరవై ఒక్కేళ్ళు. ఎంపికైతే జీతం, ఉండడానికి గది, చలికాలంలో సీజను మొదలయ్యేసరికి వీపు మీద నంబరు. కాకపోతే నాన్నతోపాటు మిరపచేను. మధ్యలో మూడో దారి లేదు. నాన్న ఆ ముక్క మొహానే చెప్పేశాడు. ఈ ఒక్కసారికీ పోయి చూసుకుని రా, తీసుకోకపోతే ఇంక ఇంట్లో బంతి మాట ఎత్తొద్దు అన్నాడు. నేను సరేనన్నాను. ఆ వయసులో దేనికైనా సరేనంటాం.

క్యాంపుకి రమ్మని ఉత్తరం మే మొదటి వారంలో వచ్చింది. అప్పటికి మా కల్లం నిండా కాయ ఉంది. ఎండాకాలం సెలవులకి మిర్చి యార్డు మూసేలోగా సరుకు గుంటూరు చేర్చాలి. రంగు పోయిన తాలుకాయ ఏరి పారేసి, మంచికాయని గోనెసంచుల్లోకి తొక్కాలి. కూలీలు దొరకట్లేదు. కాయ అంతా ఏరాక ఎక్కడికి పోతావో పో అన్నాడు నాన్న. క్యాంపు ఇంకా పన్నెండు రోజులుంది.

ఇక్కడే నేనొక ఘనకార్యం చేశాను. వారం పది రోజులు కాయ ఏరితే గోళ్ళ సందుల్లో మంట దిగుతుంది, వేళ్ళు ముడుచుకోవు, ముద్ద కలుపుకోవాలన్నా ఏడుపొస్తుంది. గోల్‌కీపరుకి ఉన్న ఆస్తల్లా ఆ రెండు చేతులేగా! అందుకని నా గ్లౌజులు తొడుక్కుని కల్లంలో కూర్చున్నాను. నాకున్నది ఆ ఒక్క జతే. కాయలేరే ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఒకావిడ మా అమ్మతో, పెళ్ళికొడుకుని ఎండలో కూర్చోబెట్టావేంటమ్మా, కందిపోడూ అంది. వాళ్ళు నవ్వినకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. పది రోజులూ ఆ గ్లౌజులతోనే ఏరాను.

ఆఖరి రోజు బట్టల సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికాను. ఆరేశాక వాసన చూశాను. ఏమీ లేదు. నిజానికి మా ఇంట్లో ఎవరికీ ఘాటు తెలియదు. బయటనుంచి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే తుమ్ముతుంటే మేం వింతగా చూస్తాం.

ఇంకొక సంగతి చెప్పాలి. మావైపు మిరప పని చేసేవాళ్ళెవరూ చెమట చేత్తో తుడుచుకోరు. తల వంచి భుజానికి మొహం రాసేస్తారు. నాకు కూడా ఎవరో నేర్పగా వచ్చింది కాదు, నడకతోపాటు వచ్చిన అలవాటు.

బెంగుళూరు రైల్లో నేను కూర్చున్న సేపు తక్కువ, తలుపు దగ్గర నిలబడ్డ సేపు ఎక్కువ. క్యాంపులో కోచ్ హైదరాబాదు పెద్దాయన. తక్కువ మాట్లాడేవాడు, చూసేది మాత్రం ఎక్కువ. నా గదిలో పక్క మంచం మదనపల్లె కుర్రాడిది. ఫార్వర్డు. తల పెట్టాడంటే బంతి వలలో పడాల్సిందే. వాడు ఇలాంటి ఎంపికలకి రావడం మూడోసారి. ఈసారీ కాకపోతే మామ లారీ ఎక్కేస్తానప్పా అన్నాడు మొదటి రోజే. నా మిరపచేనూ వాడి లారీ ఒకటేననిపించి మేం బాగా కలిసిపోయాం.

మొదటి రెండు రోజులూ పరుగులు, పాసులు. గోలులో నిలబెట్టి చూసింది మూడో రోజే. ఆ మధ్యాహ్నం మమ్మల్ని రెండు జట్లు చేసి ఆడించారు. సాయంత్రానికి జాబితా పెడతామన్నారు. ఆట మొదలైన పది నిమిషాలకే వాన. నేను బంతి పట్టుకోవడం, విసరడం, అది తడిసి ముద్దయి మళ్ళీ నా మీదికే రావడం. మదనపల్లె కుర్రాడు అవతలి జట్టు. రెండు కార్నర్లకి తలతో కొట్టాడు. రెండూ ఆపాను. మూడోసారి బంతి ముందే ఉన్నా గాల్లో తడుముకున్నట్టు తన్ని బయటికి పంపాడు. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇంకో ఇద్దరు కూడా కళ్ళు నులుముకుంటున్నారు. చెట్ల మీది దుమ్ము వానకి కారి కళ్ళల్లో పడుతోందన్నారెవరో.

హాఫ్ టైములో వాడు కుళాయి కింద తల పెట్టి, మంట అప్పా, ఒకటే మంట అంటున్నాడు. నాకు నా గ్లౌజులు గుర్తొచ్చాయి. అవతలికి వెళ్ళి గ్లౌజు నాలిక్కి ఆనించి చూసుకున్నాను. పుట్టినప్పటినుంచీ కారం తిన్నవాణ్ణి, నా నాలుకే చుర్రుమంది. చేతులనుంచి బంతికి, బంతినుంచి వాళ్ళ నుదుళ్ళకి, చెమటతో కళ్ళలోకి. నా కళ్ళకేం కాలేదు. నేను భుజానికి తుడుచుకుంటున్నాను కదా.

చెప్పాలి. అప్పుడే, అక్కడే చెప్పాలి. చెప్పలేదు. విజిలేశారు, పోయి గోలులో నిలబడ్డాను. రెండో సగమంతా కాలు నిలవలేదు నాకు. ఒక గోలు స్తంభం దగ్గర గ్లౌజులు గడ్డికేసి రుద్దేవాణ్ణి, మళ్ళీ రెండో స్తంభం దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. సిగ్గూ భయమూ ఒక్కసారే పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ నలభై ఐదు నిమిషాలు చూశాను. నా గోలులో ఒక్క బంతీ పడలేదు.

సాయంత్రం జాబితాలో నా పేరుంది. మదనపల్లె కుర్రాడి పేరు లేదు. వాడు మంచం కిందనుంచి సంచీ లాగి బట్టలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. నేను ఆ గదిలో ఉండలేక వరండాలోకి వచ్చేశాను.

అక్కడ కోచ్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. దగ్గరికి పిలిచి, చాలా మెచ్చుకున్నాడు. తక్కిన కీపర్లంతా మాటిమాటికీ మొహం తుడుచుకుంటూ బంతికి సిద్ధంగా ఉంచాల్సిన చేతులు తీసేస్తారట, నేనొక్కణ్ణే తీయలేదట. భుజానికి తుడుచుకోవడం ఎవరు నేర్పారని అడిగాడు.

మా మాస్టారని చెప్తే అక్కడితో అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ లోపల వాడు చొక్కా మడుస్తున్నాడు. మొత్తం చెప్పేశాను. కల్లం, తాలుకాయ, గ్లౌజులు, సబ్బు, అన్నీ. ఆయన కప్పు కింద పెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"హాఫ్ టైములో సార్."

పొద్దున మళ్ళీ ఆడిస్తానని లోపలికి చెప్పి పంపాడు. నేనూ గదిలోకెళ్ళి మదనపల్లె కుర్రాడికి చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను కూడా. వాడు ఏం మనిషివప్పా నువ్వు అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు వేరేవాళ్ళ గ్లౌజులతో ఆడాను. వాన లేదు. మదనపల్లె కుర్రాడు నామీద రెండు గోల్సు కొట్టాడు, రెండూ తలతోనే. అందులో ఒక్కటి మాత్రం నేను ఆపాల్సిందే, రెండోది దేవుడు దిగొచ్చినా ఆగదు. కొత్త జాబితాలో వాడి పేరు ఎక్కింది. నా చోట ఇంకో కీపర్ని రాశారు. రెండు గోల్సు తిన్నందుకే అనుకుని మూట సర్దుకుంటుంటే కోచే వచ్చాడు.

"గోల్సుకి కాదు. నిన్న హాఫ్ టైంల చెప్తే నిన్నే తీసుకునేటోణ్ణి బిడ్డా."

నిజం చెప్పి వచ్చానని నేనేదో పొంగిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రైల్లో బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. స్టేషను దాకా మదనపల్లె కుర్రాడు వచ్చాడు. రైలు కదులుతుంటే తల వంచి, మొహం భుజానికేసి రుద్ది చూపించి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో చెప్పాక నాన్న తిట్టలేదు. అమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. ముందు నూనె రాసి, ఆ తర్వాత కదరా సబ్బు పెట్టేది, చేతులైనా గ్లౌజులైనా, ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఏం చూశావురా అంది. నిజమే. మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మాట ప్రకారం బంతి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆగస్టులో నారు నాటాం. కానీ సీజను ఎప్పుడు మొదలవుతుందోనని మంగలిషాపులో పేపరు ఆటల పేజీ రోజూ వెతికేవాణ్ణి. మందు కొడుతూ కొడుతూ పంపు దించేసి ఊళ్ళోకి వెళ్ళిపోయేవాణ్ణి. నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

చలికాలంలో, మొదటి కోతకి కాయ పండు తిరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం టీవీలో ఆ క్లబ్బు ఆట వేశారు. అన్నానికొచ్చిన నాన్న కంచం ముందు కూర్చుని చూస్తున్నాడు. ఆట చివర్లో మదనపల్లె కుర్రాణ్ణి దింపారు. వీపు మీద నంబరు. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి, బంతి కోసం చూస్తూ, తల వంచి మొహం భుజానికి తుడుచుకున్నాడు.

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏరా, ఈ కుర్రాడు మనవైపు వాడా ఏంటి?"

"కాదు నాన్నా. నా దగ్గర నేర్చుకున్నాడు."

నాన్న పక్కన పీట వేసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేకపోయాను. ఆట అయ్యేదాకా గుమ్మం పట్టుకుని నిలబడే చూశాను.