జానెడు లేపి ఆగడం

హౌరా ఫెర్రీలో పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలోని కాగితం వైపు తొంగి చూశాడు. మా పాపకు కొనాలనుకున్న రెండు కంప్యూటర్ టెలిస్కోపుల వివరాలు పక్కపక్కనే తెలుగులో రాసుకున్నాను. రెండూ గ్రహాన్ని తామే వెతికి చూపించేవే. ఒకదానికి అద్దం పెద్దది, స్టాండు తేలిక. రెండోదానికి అద్దం చిన్నది, స్టాండు బరువు. మూడు నెలలుగా తేల్చుకోలేకపోతున్నాను. ఈలోగా పాప పుట్టినరోజు కూడా దాటిపోయింది.

"మనోళ్లేనా? ఏటి బాబూ అది?" అన్నాడు.

చెప్పాను. ఆయన ఖిదిర్‌పూర్ ఓడరేవులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపాడట.

"మేం సరుకు జానెడు లేపి ఆగుతాం. ఊగడం ఆగితే ఎత్తుతాం, లేదంటే దించీడమే. నువ్వూ ఆ గొట్టాల్ని ఓపాలి తట్టి సూడు, ఊగడం ఏది బేగి ఆగుతాదో," అంటూ నా మోకాలి మీద వేలితో చిన్నగా తట్టాడు.

ఆ సాయంత్రమే దుకాణంలో రెండింటినీ తట్టి, లోపలికి చూశాను. ఎదురుమేడ మీది నీళ్ల ట్యాంకు పెద్దదాంట్లో ఊగుతూనే ఉంది. చిన్నదాంట్లో ఇట్టే నిలబడింది. చిన్నదాన్నే కొని, కాగితం చింపేశాను. ప్రాణం హాయిగా ఉంది.

పెద్దాయన మాట నా నోట విన్న మా పాప కూడా ఇప్పుడు మేడ మీద ముందు గొట్టాన్ని తట్టి, కంటిని ఆనించి ఆగుతుంది.

"దించక్కర్లేదు నాన్నా," అంటుంది.