జీడిపిక్క కొనలో చిక్కుకున్న కంప్యూటర్

నేను టెక్కలిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. మా బావకి, అంటే నా భర్తకి, పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఒక వేసవిలో ఆయన పిక్కలు కోసే కొత్త మిషను తెచ్చాడు. ఆవిరికి ఉడికిన పిక్కని అది రబ్బరు దిమ్మెల మధ్య పట్టుకుంటే, రెండు బ్లేడ్లు అటూ ఇటూ దిగి పెంకుని చీలుస్తాయి. పెంకుని బాగానే చీల్చింది. లోపలి పప్పునీ వదల్లేదు. విరగని గుండు పప్పు రావలసిన చోట బద్దలూ ముక్కలూ వస్తుంటే బావకి అన్నం సహించేది కాదు.

బ్లేడు దిగేటప్పుడు లోపల ఏం జరుగుతోందో కంప్యూటర్లో చూపిస్తానని నేనే ముందుకొచ్చాను. చదువుకునే రోజుల్లో కార్లు గుద్దుకునే సిమ్యులేషన్లు చేసినదాన్ని, జీడిపిక్క ఓ లెక్కా అనుకున్నాను.

పిక్కని కోసి, పెంకు మందం కొలిచి, కంప్యూటర్లో బొమ్మ గీసి, దాన్ని వేల చిన్న ముక్కలుగా విడగొట్టాను. వాటిని ఎలిమెంట్లంటాం. ప్రతి ఎలిమెంటూ ఎంత కదిలిందో లెక్కగట్టి, కాలాన్ని రవ్వంత ముందుకి జరిపి, మళ్లీ లెక్కగడుతుంది కంప్యూటర్. ఆ రవ్వంతే టైమ్ స్టెప్. దాన్ని మనిష్టం వచ్చినంత పెట్టుకోలేం. దెబ్బ తగిలినప్పుడు పుట్టే అల, అన్నిటికంటే చిన్న ఎలిమెంటుని దాటేలోపే ఆ స్టెప్పు ముగియాలి. నా పిక్క వంపు కొనలో వెంట్రుకంత సన్నటి ఎలిమెంటు ఒకటి పడింది. దాని మూలంగా, వేసవిలో మొదలెట్టిన లెక్క దసరాకి గానీ తేలదని తెర మీద కనిపించింది.

బావ వచ్చి చూశాడు. బ్లేడు ఇంకా పిక్కని ముట్టుకోనేలేదు.

“ఒక్క ముక్క కోసం మిగతాయన్నీ ఆగాలేటే?” అన్నాడు.

“ఆగవు బావా. దాంతోపాటే మెల్లగా నడుత్తాయి.”

ఆయన ముఖం చూసి ఆగలేక, హద్దు దాటించి స్టెప్పు పెంచేశాను. లెక్క అదుపు తప్పి, బ్లేడు తగిలీ తగలగానే పిక్క ముళ్లపందిలా లేచి తెరంతా చిమ్మింది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. వంటింట్లోంచి అత్త వచ్చి, ఏమైందో కనుక్కుని, ఇంకోసారి పేల్చమంది. పేల్చాను.

తర్వాత ఇంకో ఉపాయం పట్టాను. ఎలిమెంటు బరువు పెంచితే అందులో అల నెమ్మదిస్తుంది, అప్పుడు స్టెప్పు పెంచుకోవచ్చు. ఉదారంగా పిక్కంతటికీ బరువు పెంచేశాను. వంకాయ కూర ఉడికేలోపు లెక్క అయిపోయింది. కానీ పిక్క బండరాయైపోయింది. బ్లేడు మీద పడిన బలం ఏ పిక్కకీ ఉండనంత వచ్చింది. ఊరికే కదలడానికి ఖర్చయ్యే శక్తి, పెంకు చీలడానికి అయ్యేదాన్ని మించిపోయింది. అదంతా చెరిపేశాను.

మూడోసారి తొందరపడలేదు. కొనని కాస్త గుండ్రంగా దిద్ది, అక్కడి ఎలిమెంట్లని మళ్లీ గీశాను. ఇంకా మిగిలిన సన్నటివాటికి మాత్రమే బరువు కలిపి, కలిపింది మొత్తం పిక్క బరువులో లెక్కలోకి రానంతేనని చూసుకున్నాను. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది.

బ్లేడు దిగగానే పిక్క పట్టులో కొంచెం పక్కకి తిరుగుతోంది. దాంతో ఒక బ్లేడు పెంకుని దాటి పప్పుని గీరుతోంది. బావని పిలిచి మెల్లగా నడిపి చూపించాను. ఆయన తెరకి ముక్కు ఆనించి చూశాడు.

“మల్లీ సూపించు,” అన్నాడు. రెండోసారి చూశాక, “తిరక్కుండా రబ్బరు మందంగా ఎయ్యాల,” అని లేచాడు.

రబ్బరు మార్చాక, మొదటి గంప కోసిన రోజు నేనూ వెళ్లాను. పొట్టు ఒలిచే ఆడవాళ్లు వంగి చూస్తున్నారు. బద్దలు రాకపోలేదు గానీ, జల్లెట్లో గుండ్లే ఎక్కువ పడ్డాయి. బావ ఒకటి తీసి నా నోట్లో పెట్టాడు, అందరి ముందూ. నాకు సిగ్గేసింది, రుచి మాత్రం బాగుంది.

ఆ వారమే కవిటి నుంచి మా ఆడపడుచు భర్త ఫోన్ చేశాడు. ఆయన కొబ్బరి పీచు తీసే మిషను తరచూ మొరాయిస్తోందట. అదీ నేను కంప్యూటర్లో చూసిపెడతానని, నన్నడక్కుండానే బావ సరేనన్నాడు. పీచుని ఎలిమెంట్లుగా ఎలా విడగొడతారో ఆయనకేం తెలుసు పాపం. నేను ఒక కొబ్బరికాయ తెచ్చుకుని, బల్ల మీద పెట్టుకుని, చాలాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాను.