మోటరు యాప్ పుస్తకానికి మొదటి పేజీ

మా ఎలీషబాకు కోపం రాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆ మంగళవారం నా మీదే వచ్చింది. తప్పు నాదే.

గిద్దలూరులో మాది రెండు గదుల ఆఫీసు. బోరు మోటరును ఫోన్‌తో వేసి, ఆపే యాప్ మాది. కొమరోలు వైపు నలభై మంది రైతుల మోటర్ల పక్కన దాని కంట్రోలు పెట్టెలు బిగించింది నేనే. ఎలీషబా మార్కాపురంలో డిగ్రీ చదివి, హైదరాబాదులో రెండేళ్లు హాస్టల్ సాంబారు తిని, విసిగి సొంతూరు కొమరోలు వచ్చేసి మాతో చేరింది. యాప్ ఎలా వాడాలో చెప్పే పుస్తకం తయారు చేయించడం ఆమె పని. పుస్తకమంటే ఫోన్‌లో చదువుకునేదే. ముగ్గురు మెకానిక్‌లం, ముగ్గురు రైతులు, ఆరుగురం ఒకే ఫైలులో రాస్తున్నాం.

పెట్టెలు ఉంచుకోవాలా, వాపసు ఇవ్వాలా అని తేల్చుకోవడానికి శనివారం రైతుల మీటింగు. ప్రతిదానికీ మాకు ఫోన్ చేయకుండా, పుస్తకం చూసి వాళ్లే చేసుకోగలిగితేనే ఆఫీసు ఉంటుందని యజమాని తేల్చేశాడు. లేదంటే మూత. ఎలీషబాకు మళ్లీ హైదరాబాదే గతి.

"అన్నా, కరెంటు వచ్చిందో లేదో చూసేది ఎట్లనో ఐదుగురు రాసినారు. మోటరు ఆగకపోతే ఏం చెయ్యాలో ఒక్కరన్నా రాసినారా?" అని విరుచుకుపడింది ఎలీషబా.

తోటి మెకానిక్ స్టీఫెన్ రాస్తాడని నేననుకున్నాను. నేను రాస్తానని స్టీఫెన్ అనుకున్నాడు. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా!

"ఆ ఐదింట్లో నాలుగు తీసెయ్ మల్ల," అన్నాను.

"ఎవరిది తియ్యాల? లక్ష్మీనరసయ్య పెదనాయన ఒక్కడే ఎనిమిది పేజీలు రాసినాడు!"

అదీ అసలు చిక్కు. అందరం వరసలు పెట్టి పిలుచుకునే వాళ్లం. రైతుల్లో పెద్దాయన లక్ష్మీనరసయ్య రాసింది కొట్టేయడమంటే బంతిలో ఆయన ముందు విస్తరాకు లాగేసినట్టే. అందుకే ఎవరూ ఎవరిదీ తీయలేదు. కింద కింద చేర్చుకుంటూ పోయాం. నలభై పేజీలైంది.

"రాయకముందే ఎవరికి ఏదో పంచి ఇయ్యాల్సింది. నాదే బుద్ధి తక్కువ," అంది ఎలీషబా.

మర్నాడు నా బండి మీదే లక్ష్మీనరసయ్య చేనికి వెళ్లాం. ఆమె పుస్తకం ఊసే ఎత్తలేదు. "పెదనాయనా, మాకు ఫోన్ చేస్తే ముందు ఏం అడుగుతావు?" అంది.

"అడిగేదేముంది పాపా! మోటరు ఆగలా, మిరప చేను మునుగుతా ఉంది, ఏం చెయ్యాల అనే కదా!"

ఉన్నదున్నట్టు రాసుకుంది. అలా ఇంకో నలుగురు రైతులను అడిగింది. వచ్చినవి పన్నెండు ప్రశ్నలు. గుండె ఎక్కువ దడదడలాడించేది ముందు, నిదానంగా చూసుకునేది వెనక. ఒక్కో ప్రశ్న ఒక్కరికే పంచింది. మొదటిది నాకు పడింది.

"రేపటికి రాయకపోతే నీ బండి గాలి తీస్తా అన్నా!"

రాశాను. రాయక చస్తానా! ఆమె మాత్రం పెద్దాయన ఎనిమిది పేజీలూ తీసేసి దిగులుపడింది. ఆయన అలిగి పెట్టె వాపసు ఇస్తే, ఆయన వెంట మిగతా ముప్పై తొమ్మిదీ వచ్చేస్తాయి.

శనివారం బోరు దగ్గర మీటింగులో ఎలీషబా మోటరు వేసి, ఎప్పుడూ ఆ పుస్తకం తెరవని రైతు రమణమ్మ చేతిలో ఫోన్ పెట్టి, "మోటరు ఆగలేదు అనుకో అత్తా," అంది. రమణమ్మ మొదటి పేజీ చదివింది, లేచి వెళ్లి పెట్టె మీది ఎర్ర బటన్ నొక్కింది. మోటరు ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

లక్ష్మీనరసయ్య కొట్టలేదు. కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లో వెతుకుతున్నాడు. "నేను రాసిందేది పాపా?"

ఎలీషబా ఆయన దగ్గరికి వెళ్లింది. "తీసేసినా పెదనాయనా."

"అంతానా?"

ఆమె మొదటి పేజీ పైన వేలు పెట్టింది. 'మోటరు ఆగలా, మిరప చేను మునుగుతా ఉంది, ఏం చెయ్యాల?' దాని కింద: అడిగింది లక్ష్మీనరసయ్య.

ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత రమణమ్మ వైపు తిరిగాడు. "ఏం రమణమ్మా, నువ్వు ఇందాక చదివింది ఎవరిదనుకున్నావు? నాది!" జనం వైపు చూశాడు. "పెట్టె వాపసు ఇచ్చేది ఎవరు? ఏదీ, చెయ్యెత్తండి చూస్తా!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎలీషబా నవ్వుతూనే ఏడ్చేసింది. సోమవారం ఆఫీసు తాళం తనే తీసింది.