బావ పంపిన మెయిల్

రెండేళ్ల క్రితం మాట. అమ్మ గుండె పరీక్షల రిపోర్టులను విశాఖ డాక్టరుకు మెయిల్ చెయ్యమని, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో కంప్యూటర్ షాపు నడిపే మా అక్క భర్తకు ఇచ్చాను. వారమైనా అవి డాక్టరుకు అందలేదు. బావేమో పంపానంటాడు. అంతకుముందే అమ్మతో గొడవపడ్డాడు కాబట్టి, కావాలనే ఆపాడని నా అనుమానం.

షాపుకెళ్లి, జనం ముందే నిలదీశాను. "అమ్మ మీద కోపం ఇలాగ తీర్సుకుంతన్నావేటి బావా?"

బావ స్క్రీన్ నావైపు తిప్పాడు. మూడుసార్లు పంపినట్టుంది! వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"స్పామ్ ఫోల్డర్లో ఓపాలి సూడండి బాబూ."

మూడూ అందులోనే ఉన్నాయి. షాపు పేరుతో కొత్తగా పెట్టిన మెయిల్ అడ్రసు కావడంతో, అవతలి కంప్యూటర్ నమ్మక పక్కకు నెట్టేసిందట.

"ఆ కంప్యూటర్‌కి నేను కొత్తోణ్ణి. నీకూ కొత్తోణ్ణేనేటి లక్ష్మీ?" అన్నాడు బావ.

అమ్మకు వైద్యం సకాలంలోనే అందింది. నేను మాత్రం ఆ రోజే, ఆ జనం ముందే బావకు క్షమాపణ చెప్పుకున్నాను.