బిసాహూ ఉన్న వాక్యం

చాలాకాలం వాడని కంప్యూటరును ఆన్ చేస్తే, లోపలి ఫ్యాను తిరగడం మొదలైన కాసేపటికి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. భిలాయిలో ఆ దుమ్ముకు ఇనుము వాసన కూడా తోడవుతుంది. ఈ ఉదయం మా ఆఫీసులో ఎవరో మూలన పడి ఉన్న పాత యంత్రాన్ని ఆన్ చేశారు. ఆ వాసన నా బల్ల దాకా రాగానే ఇదే ఊళ్ళో సుపేలాలో రోడ్డు మీది ఆటోల గోల అంతా వినిపించే మేడ మీది గది, అందులో పొట్టి స్టూలు మీద కూర్చుని వేయించిన శనగలు నములుతూ కంప్యూటరు తెరలోకి తొంగిచూసే సుగుణ మేడం గుర్తొచ్చారు. ఆమె దగ్గరే నేను మొదటి ఉద్యోగం చేశాను.

కర్మాగారాల్లో యంత్రాలు ఎలా నడపాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో హిందీలో చెప్పే పుస్తకాలు తయారుచేసే చిన్న ఆఫీసు ఆమెది. ఆమె, కంప్యూటర్ల పని చూసే వికాస్ భయ్యా, నేను, అంతే మనుషులం. ఆమె తండ్రి ఉక్కు కర్మాగారంలో పనికి విజయనగరం నుంచి వచ్చారట. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి యాస పోలేదు. మేము వెళ్ళే తెలుగు చర్చికే ఆమె కూడా వచ్చేవారు. ఉద్యోగం అడగడానికి వెళ్ళిన రోజు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టేసి, "రుఆబాంధాలో ఉండే ప్రకాశరావు గారమ్మాయివి కదూ? పాటలప్పుడు పెదాలాడిస్తావు గానీ పాడవు. అవునా?" అన్నారు. నేను తల దించుకున్నాను.

"సిగ్గెందుకమ్మా? నిన్ను చూస్తా కూర్చున్నానంటే నేనూ పాడట్లేదనే కదా!" అని ఆమే నవ్వేశారు.

నేను చేరిన కొత్తలోనే మాకు చాలా పని ఇచ్చే ఒక ప్రైవేటు కర్మాగారం నుంచి కబురొచ్చింది. వాళ్ళ క్రేన్ల విభాగంలో పాత సూపర్‌వైజరు బిసాహూ రామ్ పని మానేసి చాలా రోజులైంది. తనిఖీ రాబోతోంది కాబట్టి అన్ని పుస్తకాల్లోనూ ఆ పేరు తీసేసి కొత్త సూపర్‌వైజరు నరేంద్ర పేరు పెట్టాలి. మర్నాటి సాయంత్రానికి అందకపోతే పని రాయపూర్‌లో వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. వందల ఫైళ్ళు. ఒక్కొక్కటీ తెరిచి మార్చే సమయం లేదు. అన్నిటిలోనూ ఒకేసారి ఒక మాటను వెతికి, దాని బదులు ఇంకో మాట పెట్టే వెబ్ అప్లికేషన్ ఒకటి ఉచితంగా దొరుకుతుందని వికాస్ భయ్యా దాన్ని పాత కంప్యూటరులో ఎక్కించాడు.

"ఇప్పుడీ ఫైళ్ళన్నీ ఇంటర్నెట్‌లోకెళ్ళిపోతాయేటి?" అని మేడం అడిగారు.

"నహీఁ మేడం, సబ్ యహీఁ రహేగా" అన్నాడు భయ్యా, అన్నీ ఇక్కడే ఉంటాయని.

"మరి బ్రౌజర్లో ఎందుకు తెరుస్తున్నావు?"

భయ్యా విసుక్కుని, "ప్రసన్నా, తూ హీ సమ్‌ఝా దే" అని ఆ పని నాకు వదిలేశాడు. ఆ గదిలో నేను నాలుగు వాక్యాలు కలిపి మాట్లాడడం అదే మొదలు. పాత కంప్యూటరు దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి లాంటిదనీ, మేము మా బల్లల దగ్గర నుంచి బ్రౌజరు ద్వారా అడిగితే అది జవాబిస్తుందనీ, ఫైళ్ళు గది దాటవనీ చెప్పాను. మేడం శ్రద్ధగా విన్నారు. అయితే నా బల్ల మీద తెరిస్తే మాత్రం ఏమీ రాలేదు. భయ్యా తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. నాకు ఏది దొరికినా మొదటి పేజీ నుంచి చదివే అలవాటు ఉంది, కథల పుస్తకమైనా, మందుసీసాతో వచ్చే కాగితమైనా. అప్లికేషన్‌తో వచ్చిన సూచనలు కూడా అలాగే చదివాను. అది మామూలుగా తానున్న కంప్యూటరుకు మాత్రమే జవాబిస్తుంది, మిగతావాటికీ ఇవ్వాలంటే సెట్టింగుల్లో ఒక వరుస మార్చాలి. ఆ సంగతి నెమ్మదిగా అన్నాను. భయ్యాకు వినపడలేదు. "పిల్ల ఏదో అంటంది, ఉండు" అని మేడం భయ్యాను ఆపారు. ఆ వరుస మార్చగానే నా తెర మీద పేజీ తెరుచుకుంది.

ఫైళ్ళన్నిటికీ నకలు తీసి పెట్టమని భయ్యాకు చెప్పి మేడం స్టూలు నా పక్కకు లాక్కున్నారు. "మార్చడం రేపు. ముందు వెతకడం చూపించు. హెచ్చరికలు చూద్దాం, 'సావధాన్' అని కొట్టు." మాట ఉన్న వాక్యం ఒక్కటే కనిపిస్తే ఆమెకు చాలలేదు. "ముందేటుంది? ఎనకేటుంది?" అన్నారు. అదీ సెట్టింగుల్లో ఉంది. పైవాక్యం, కిందివాక్యం కూడా కనిపించేలా పెట్టాను. ఆమె సినిమా చూసినట్టు చూడసాగారు.

"ఈ కొలిమి పుస్తకంలో అడుగడుక్కీ సావధానే. ఈ పంపు పుస్తకంలో ఒక్కటీ లేదు. రాసినోడికి భయం లేదా, లేకపోతే ఆ పంపు అంత బుద్ధిమంతురాలా?"

"మేడం, కల్ షామ్ తక్ దేనా హై" అని భయ్యా రేపు సాయంత్రం గడువు గుర్తుచేశాడు.

"ఇచ్చేద్దాంలే. ఇన్నాళ్ళూ వీటిని తయారుచేసి పంపడమే గానీ ఒక్కరోజైనా చదివామేటి?"

మర్నాడు బిసాహూ రామ్ అని వెతికాను. తెర నిండా ఆ పేరే. దాదాపు అన్నిచోట్లా పేజీ అడుగున ఒకే వాక్యం ఉంది: ఇబ్బంది వస్తే బిసాహూ రామ్‌ను సంప్రదించండి. కిందికి జరుపుతూ పోతుంటే ఒకచోట వేరే వాక్యం వచ్చింది. "ఈ స్తంభం పక్కన ఎవరూ నిలబడరాదు. గొలుసు తెగిన రోజు బిసాహూ రామ్ ఇక్కడే నిలబడి ఉన్నాడు." ఈలోగా భయ్యా తన తెర మీద 'అన్నీ మార్చు' అనే బటను దాకా వెళ్ళాడు. "రుకో భయ్యా!" అని ఆపాను. గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

వాక్యం చూసి అతను తల గోక్కున్నాడు. "వాళ్ళే అన్నిచోట్లా అన్నారు కదా. మనకెందుకు?"

"మారిస్తే గొలుసు నరేంద్ర మీద పడినట్టవుతుంది" అన్నాను.

ఆ ఒక్కచోట మార్చకుండా వదిలేద్దామా అని అడిగితే మేడం ఒప్పుకోలేదు. "మనం వదిలేస్తే రేపు వాళ్ళే చూసి, పాత పేరుండిపోయిందని మార్చేస్తారు. ఫోన్ చెయ్యి."

"మీరు చెయ్యండి మేడం."

"చూసింది నువ్వు. నాకేటి తెలుసని చెప్పను?"

ఫోనెత్తిన ఆఫీసరు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. "పురానా నామ్ కహీఁ నహీఁ రహనా చాహియే" అని, పాత పేరు ఎక్కడా ఉండకూడదని రెండుసార్లు అన్నాడు. నేను ఇక వాదించకుండా వాక్యం చదివాను. అతను ఎవరినో పిలిచాడు. కాసేపటికి వేరే గొంతు, "నేను నరేంద్రను. ఫిర్ సే పఢియే" అంది. మళ్ళీ చదివాను.

"ఆ స్తంభం దగ్గర నేల మీద పసుపు గీత ఉంది. ఎందుకుందో నాకెవరూ చెప్పలేదు. నేను రోజూ దాన్ని దాటే నడుస్తున్నాను" అన్నాడతను నెమ్మదిగా. తరువాత, "ఆ వాక్యం ఉండనివ్వండి. సాబ్‌తో నేను మాట్లాడతాను" అన్నాడు.

దాని మీద వాళ్ళ ఆఫీసరు రాతపూర్వకంగా ఒప్పుకునేసరికి చెప్పిన సమయం దాటిపోయింది. మిగతా చోట్ల పేరు మార్చి ఫైళ్ళు పంపాం. ఆలస్యమైందని ఆఫీసరు సణిగాడు గానీ పని మా దగ్గరే ఉంది. బిసాహూ రామ్ ఆ ఒక్క వాక్యంలో మిగిలాడు. ఇదంతా మేడంకు చెబుతున్నప్పుడు నా మాటల్లో గర్వం నాకే వినిపించింది.

"బాగా చేశావు. మరి ఆ మనిషేటయ్యాడు?" అన్నారు మేడం.

"ఎవరు మేడం?"

"బిసాహూ."

నేను అడగలేదు. రోజంతా అతని పేరు కోసమే కూర్చున్నాను, అతను బతికున్నాడా అని మాత్రం అడగలేదు. మేడం నిజంగా తెలుసుకోవాలనుకున్న మనిషిలా నా వైపు చూస్తూ ఉండిపోయారు. మర్నాడు ఉదయం నరేంద్రకు ఫోన్ చేశాను. అతనికీ అదే ఆలోచన వచ్చిందట. ముందురోజు సాయంత్రమే వెతుక్కుంటూ వెళ్ళాడట. బిసాహూ మరోదా బస్తీలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. పుస్తకం సంగతి చెబితే, "అందులో నా పేరుందా?" అని అడిగాడట.

పరుగున వెళ్ళి మేడంకు చెప్పాను. ఆమె శనగలు నమలడం ఆపి, "మరి నరేంద్ర ఆ వాక్యం చదివి వినిపించాడేటి?" అన్నారు. నేను మళ్ళీ ఫోనెత్తాను. ఈసారి ఆమె చెప్పక్కర్లేకపోయింది.

మేడం ఆ ఆఫీసు మూసేసి ఇప్పుడు విజయనగరంలో చెల్లెలింట్లో ఉంటున్నారు. నేను ఫోన్ చేసి ఇక్కడి వాళ్ళ సంగతులు చెబితే, నేను కనుక్కోకుండా వచ్చిన ఆ ఒక్క విషయమే ఆమె అడుగుతారు. అందుకే ఎవరితోనైనా మాట్లాడి లేవబోయే ముందు ఒక క్షణం ఆగడం నాకు అలవాటైంది. ఇప్పుడు సుగుణ మేడం ఉంటే ఏం అడుగుతారు అని ఆలోచిస్తాను. సిగ్గు ఇంకా పోలేదు, గొంతు సన్నగానే వస్తుంది. అయినా అది అడిగాకే లేస్తాను.