పేరడిగే అక్క

మొన్న పొద్దున స్టవ్ మీద చాయ్ మరుగుతుండగా ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నాడు అక్క కొడుకు. వెనక ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. స్టవ్ కట్టేసి ఆ గిన్నె వైపే చూస్తూ నిలబడిపోయాను. ఆమె గుండె బాగాలేదని కొంతకాలంగా తెలుసు. తెలిసి ఉండటం వేరు, వినడం వేరు.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. ఆడపిల్లల్ని ఇళ్లలో వెట్టిచాకిరీకి పెట్టడం మాన్పించాలని కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊరూరా తిరిగిన మా కళాజాత బృందంలో ఆమె వేషం కట్టేది, నేను పాడేదాన్ని. మిగతా రోజుల్లో ఇద్దరం ఎవరింట్లో వాళ్లం బీడీలు చుట్టుకునేవాళ్లం. ఊళ్లలో జనం ఆమెను 'పేరడిగే అక్క' అనేవారు. ఆమె పేరు మాత్రం నేనిక్కడ రాయడం లేదు. "పేరు పిలిచెటందుకే, రాసెటందుకు గాదు" అని ఆమే అనేది. ఆ మాట ఎందుకనేదో చెబుతాను.

గాంధారి దగ్గరి ఒక ఊరి నుంచి చిన్నతనంలోనే ఆమెను కామారెడ్డిలో ఒక పెద్దింట్లో పనికి పెట్టారు. తిండి పెడతారు, బట్టలు కొంటారు, ఈడు రాగానే పెళ్లి చేస్తారు. అదీ మాట. చేరిన రోజే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ ఇంటి అత్తగారిదీ ఇదే పేరు. కోడలు అత్తగారి పేరు నోటితో పలకకూడదాయె. ఇక ఆ పేరు పెట్టి పనిపిల్లను కేకలేయడం ఎట్లా? అందుకని 'చిట్టి' అన్నారు. వినడానికి ముద్దుగానే ఉంటుంది. పేరు మారుస్తున్నామని ఆ పిల్లతో ఒక మాట అనాలని కూడా ఎవరికీ తోచలేదు.

కొన్నేళ్లకు వాళ్ల బాపు మక్కకంకుల సంచి భుజాన వేసుకుని బిడ్డను చూడటానికి వచ్చాడు. ముందు గదుల్లోకి కొత్తగా అద్దెకు దిగిన మనిషి గేటు దగ్గర కనిపిస్తే, బిడ్డ పేరు చెప్పి అడిగాడు. ఆ పేరుగల వాళ్లు ఇక్కడ ఎవరూ లేరన్నాడాయన. పనిపిల్ల చిట్టి అనే ఆయనకు తెలుసు. బిడ్డను ఇంకెక్కడికో పంపేశారనుకుని ఆ తండ్రి సంచి మళ్లీ భుజానేసుకుని బస్టాండుకు నడిచాడు. అప్పుడామె ఇంటి వెనక అంట్లు తోముతోంది. మళ్లీ కంకులు పండేనాటికి ఆయన లేడు. చావుకని ఆ ఇంటివాళ్లు ఊరికి పంపించినప్పుడు తల్లి చెప్పిందట, "మీ బాపు అచ్చిండు బిడ్డా, నువ్వు ఆడ లేవన్నరట" అని.

ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, పిట్లం నుంచి తిరిగొస్తున్న బస్సులో. నాకు ఒళ్లు మండిపోయి ఆ ఇంటివాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎవ్వలు అబద్ధమాడలేదే. గదే నా బాధ" అంది.

పెళ్లి ఆ పెద్దింటివాళ్లే కుదిర్చారు. కాబట్టి ఎల్లారెడ్డిలో అత్తింటికీ ఆమె చిట్టిగానే వచ్చింది. మరి నీ పేరు నువ్వు చెప్పుకోవచ్చు కదా అంటే, "మా అత్త నోటికి గదే అలవాటయింది. ఇప్పుడు మారుమంటె నవ్వుతరు" అని తనే ముందు నవ్వేది. ఊరూరా పేర్లడిగిన మనిషి సొంతింట్లో తన పేరు అడిగి తీసుకోలేకపోయింది.

మా ఆటలో ఆమెది ఇంటి యజమానురాలి వేషం. పనిపిల్ల వేషం కట్టమని ఎంత బతిమాలినా వినలేదు. "గది నాకు అచ్చినదే గదా, కొత్తగ ఏం నేర్సుకుంట? ఆమె ఎట్ల నిలబడేదో, ఎట్ల మూతి తిప్పేదో, గది సూపెట్టాలె జనానికి" అంది. చూపెట్టింది కూడా. పిట్లం అంగట్లో ఆట నడుస్తుంటే ఒక ముసలవ్వ లేచొచ్చి, "నీ చెయ్యి ఇరిగిపోను, పసిపోరితోని గిన్ని అంట్లు తోమిస్తవా!" అని చేతిలోని సంచితో ఆమె వీపు మీద ఒక్కటిచ్చింది. మేము ఉరికొచ్చేలోపు అక్క నవ్వాపుకోలేక వంగిపోయింది. తిరుగుదారంతా ఆ దెబ్బ గురించే మురిపెంగా చెప్పింది. తను అంట్లు తోమిన రోజుల్లో అడ్డం రాని చెయ్యి ఇప్పుడొచ్చిందని కాబోలు అనుకున్నాను, పైకి అనలేదు.

మేము చేసినవన్నీ ఘనకార్యాలేం కావు. ఒకసారి నగరం నుంచి మాకో బ్యానర్ వచ్చింది, 'ప్రతి పనికీ జీతం ఉండాలి' అని పెద్దపెద్ద అక్షరాలతో. మహమ్మద్‌నగర్‌లో దాన్ని కట్టగానే ఒక పెద్దాయన కూడబలుక్కుని చదివి మా మీద కయ్యిమన్నాడు. "ఏందమ్మా, మా తాతలు జీతముండి సచ్చిండ్రు. మమ్ముల మళ్ల జీతముండుమంటున్రా?" మా దిక్కు జీతముండటమంటే దొర గడపకు కట్టుబడి వెట్టి చేయడమే. మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు, అక్కకు కూడా. ఆమె నాలుక్కరుచుకుని, బ్యానర్ విప్పి మడిచి, దానిమీదే కూర్చుని ఆయన తాత కథంతా విన్నది. ఆ రోజు ఆట ఆడనే లేదు.

ఆమె అలవాట్లు కొన్ని చెప్పాలి. ఎవరింటికి పోయినా గడప దగ్గర కూర్చుని అన్నం తినేది కాదు. గది నడిమధ్యన చాప వేసుకుని, కంచం ముందు పెట్టుకుని, నిమ్మళంగా తినేది. ఎవర్నీ 'ఏయ్' అని పిలవదు. బస్సులో కండక్టరు పేరడుగుతుంది, అంగట్లో కూరగాయలమ్మే ఆమె పేరడుగుతుంది. మా ఇంటి మేకకు పేరు లేదని నన్ను కోప్పడి, తనే ఒకటి పెట్టిపోయింది.

ఇక ఇళ్ల దగ్గర ఆమె పద్ధతి. పనిపిల్ల ఉన్న ఇంటి తలుపు తట్టినప్పుడు చట్టాలు గిట్టాలు మాట్లాడేది మేము. ఆమె చివరిదాకా ఊరకే ఉండేది. కామారెడ్డిలో ఒక ఇంటి ఇల్లాలు అందరూ అనే మాటే అంది, "మా పిల్ల లెక్కనే సూసుకుంటున్నం" అని. అప్పుడు అక్క అడిగింది.

"మంచిదమ్మా. పిల్ల పేరేంది?"

"బుజ్జి."

"వాళ్ల అమ్మ ఏమని పిలుస్తది?"

ఇల్లాలు పిల్లవైపు చూసింది. ఆమెకు నిజంగానే తెలియదు. అక్క నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న పిల్లవైపు తిరిగి, "మీ అమ్మ నిన్నేమని పిలుస్తది బిడ్డా?" అంది. పిల్ల తలెత్తలేదు. నేను మళ్లీ అడగబోతుంటే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో, "జెర ఆగు. పేరు ఇని శానా రోజులయిన పిల్ల ఎంటనే పలుకది. మనమే ఆగాలె" అంది. ఆగాం. నల్లా నీళ్లు పోతూనే ఉన్నాయి. ఎప్పటికో ఆ పిల్ల మెల్లగా తన పేరు చెప్పింది. ఇల్లాలు నల్లా కట్టేసి, అక్కడే మెట్టు మీద కూలబడింది. ఆ పిల్ల ఇంటికి పోయింది, బడిలోనూ చేరింది.

అన్ని ఇళ్లలో అట్లా కాలేదు. మొఖం మీదే తలుపులేసినవాళ్లే ఎక్కువ. ఒక ఇంట్లో ఎంత ఆగినా పిల్ల పలకలేదు. మళ్లీ వారం పోతే ఇంటికి తాళం. తర్వాత ఎప్పుడు ఆ వాడకు పోయినా ఆ తాళం దగ్గర కాసేపు నిలబడేది.

మొన్న మధ్యాహ్నం ఆమెను ఎత్తారు. శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. మా వైపు ఆడవాళ్లం అక్కడిదాకానే పోతాం, తర్వాత వెనక్కి మళ్లాలి. పోయిన ప్రాణం ఒకవేళ తిరిగొస్తుందేమోనన్న ఆశతో మనిషిని చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచేది అక్కడే. కొడుకు వంగి "అమ్మా" అన్నాడు. "గట్ల గాదురా, పేరు పెట్టి పిలువాలె. చిట్టెమ్మా అను" అన్నాడు అక్క పెనిమిటి, మా బావగారు.

"గది ఆమె పేరు గాదు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలియదు. అందరూ నావైపు చూశారు. ఇది సమయమా అన్నట్టు బావగారు మొఖం చిట్లించాడు. కొడుకు మాత్రం తల్లి మొఖం చూసి, నన్ను చూసి పక్కకు జరిగాడు. "నువ్వే పిలువు చిన్నమ్మా" అన్నాడు.

మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చెవికి నోరు ఆనించి, వాళ్లమ్మ పెట్టిన పేరుతో పిలిచాను. వాళ్ల బాపు గేటు దగ్గర అడిగిన పేరుతో. రెండోసారి పిలిచేసరికి, నా నోట ఆ పేరు విని, సాగనంపడానికొచ్చిన మా బృందం ఆడవాళ్లంతా నాతోపాటే పిలిచారు. మూడోసారి కొడుకు కూడా పిలిచాడు, తల్లి పేరు మొదటిసారి నోట పలకడంతో తడబడుతూ.

మోసేవాళ్లు పాడె ఎత్తడానికి వంగారు. "లే బిడ్డా, పొద్దుపోతది" అన్నారెవరో. నేను లేవలేదు. ఆ పేరు ఆమె విని చాలా రోజులయింది. జెర ఆగమన్నాను.